ఆగొద్దన్న మాట

ఫిబ్రవరి 2, ఆదివారం

రేసుకి పేర్లిచ్చాం. ఇద్దరం. నేనూ అక్కా.

అక్క అంటే సొంత అక్క కాదు, తోడికోడలు. మా ఆయన అన్నగారి భార్య. మేం కింది వాటా, వాళ్లు పై వాటా. అత్తయ్యది ఆ పూట ఎక్కడ కాఫీ బాగుంటే ఆ వాటా. అక్కకి వీధి చివర బేకరీ ఉంది. చీకటితోనే లేచి ఓవెన్ దగ్గర నిలబడుతుంది. ఊరు నిద్ర లేచేసరికి ఆమె పని సగం అయిపోతుంది. అప్పుడు మాట్లాడదామంటే మనిషి దొరకదు. ఆ విసుగులోనే రెండేళ్ల కిందట ఒక సెకండ్ హ్యాండ్ సైకిల్ కొని తొక్కడం మొదలుపెట్టింది. ఒక్కదాన్నే ఏం తొక్కను అంటూ నన్నూ లాగింది. వద్దు వద్దంటూనే ఎక్కాను. ఇప్పుడు వదలమన్నా వదలను.

రేసు మార్చి పదహారున. ఊళ్లోంచి బయల్దేరి డ్యామ్ ఎక్కి, అవతల దిగి, చుట్టు తిరిగి మళ్లీ ఊళ్లోకి. ఆడవాళ్లకి వేరే విభాగం. ఇంతకుముందు రేసుల్లో అనుభవం ఉందా అని ఫోన్లో అడిగితే అక్క బోలెడంత అని చెప్పేసింది. పచ్చి అబద్ధం. ఇద్దరికీ ఇదే మొదటిది.

ఫిబ్రవరి 9, ఆదివారం

సైకిల్ షాపాయన నేర్పడానికి ఒప్పుకున్నాడు. ఒకప్పుడు రేసులు తొక్కినవాడు. ముందు రోడ్డెక్కనివ్వలేదు. ఫుట్‌బాల్ గ్రౌండ్‌లో గడ్డి మీద తొక్కమన్నాడు. పక్కపక్కనే తొక్కుతూ భుజాలతో ఒకరినొకరు తొయ్యాలట. గుంపులో ఎవరైనా తగిలితే కంగారు పడకుండా ఉండటానికి.

నేను పడ్డాను. మళ్లీ పడ్డాను. అక్క పడకపోగా నవ్వీ నవ్వీ కళ్ల నీళ్లు పెట్టుకుంది. తోడికోడల్ని తోసెయ్యడానికి లైసెన్స్ దొరికింది అంది.

షాపాయన చెప్పినవి: గుంపులో సడన్‌గా బ్రేకు కొట్టకూడదు. పక్కకి ఊగకూడదు. ముందున్న మనిషి వెనక చక్రాన్ని మన ముందు చక్రం దాటకూడదు. రాసుకుంటే ముందు మనిషికి తెలియను కూడా తెలియదు, పడేది మనమే. వెనక్కి తిరిగి చూడకూడదు. తల తిరిగిన వైపు హ్యాండిల్ కూడా తిరుగుతుంది.

మోచేయి గీరుకుపోయింది. మా ఆయన చూసి డెటాల్ రాశాడు. గడ్డి మీదే ఇంతైతే అని మొదలుపెట్టి, ఆపేశాడు.

ఫిబ్రవరి 12, బుధవారం

ఆసుపత్రి డ్యూటీలో ఒక కేసు. సైకిల్ మీంచి పడ్డాడట. ఎడమ కాలర్ బోన్. ఎక్స్‌రే తియ్యడం నాకు రోజూ ఉన్న పనే. ఇలాంటివి వందలు తీశాను. కానీ ఈ రోజు ఫిల్మ్ స్క్రీన్ మీదికి రాగానే కుర్చీ వెనక్కి జరిపాను. ఎముక పుల్ల విరిచినట్టు విరిగి, ఒక ముక్క మీద ఇంకో ముక్క ఎక్కి కూర్చుంది.

బ్రేకు వెయ్యలేదట. వేసే టైమే లేదట. ముందు చప్పుడు వినపడింది మేడమ్, నొప్పి తర్వాత తెలిసింది అన్నాడు.

అక్కకి చెప్పకూడదనుకున్నాను. ఇంటికి రాగానే చెప్పేశాను. ఏ వైపు అని అడిగింది. ఎడమ వైపు అన్నాను. అయితే మనం కుడివైపు పడదాం అంది.

ఫిబ్రవరి 20, గురువారం

ఇంట్లో అందరికీ తెలిసిపోయింది. ఇద్దరు కోడళ్లూ ఒకేసారి మంచమెక్కితే ఈ వయసులో నా కాఫీ నేనే కలుపుకోవాలి అని అత్తయ్య. ఒక రోజు తేడాతో పడండర్రా అంది. మా ఆయన లిఫ్ట్ మెకానిక్. రెండు సైకిళ్లూ తిరగేసి బ్రేకులు బిగించాడు. ఆయన భయమంతా స్పానర్‌లో ఉంటుంది.

బావగారు సిటీ బస్సు డ్రైవరు. పొద్దస్తమానం సైకిళ్లని పైనుంచి చూసే మనిషి. రాత్రి భోజనాలయ్యాక నేను గేటు వేస్తుంటే మెట్ల మీద నిలబడి ఉన్నారు.

"అదెలాగూ నా మాట వినదు. నువ్వు నిదానస్తురాలివి. దాని వెనకాలే ఉండి కాస్త చూసుకో అమ్మా" అన్నారు.

చూసుకుంటాను బావగారూ అన్నాను. అనకుండా ఎలా ఉంటాను?

మార్చి 1, శనివారం

పొద్దున డ్యామ్ దాకా వెళ్లాం. మొదటిసారి పూర్తి దారి చూశాం. ఎక్కడం కష్టమే కానీ భయం లేదు. దిగడం వేరు. నిటారుగా జారి, కింద ఎడమకి తిరుగుతుంది. మలుపు అవతల ఏముందో కనపడదు. అక్క బాణంలా వెళ్లిపోయింది. నేను రెండు బ్రేకులూ పట్టుకుని, పళ్లు బిగబట్టుకుని దిగాను. కింద నా కోసం ఎదురుచూస్తూ బన్ను తింటోంది.

నోట్లో బన్ను ఉండగానే చెప్పింది. రేసులో నేను పడితే నువ్వు ఆగకు. గుంపు మధ్యలో నువ్వు ఆగావంటే వెనకవాళ్లు మనిద్దరి మీదా పడతారు. నువ్వు పడితే నేనూ ఆగను. సరేనా?

నేను నీళ్లు తాగుతున్నట్టు నటించాను. ఊరుకోలేదు. నోరు తెరిచి చెప్పు అంది. సరే, ఆగను అన్నాను.

బావగారికి ఒక మాటిచ్చాను. ఈవిడకి ఇంకోటి. ఎవరికి ఇచ్చింది వాళ్ల దగ్గరే ఉంది. ఒకరికిచ్చింది ఇంకొకరికి చెప్పలేదు.

మార్చి 11, మంగళవారం

వాన. ప్రాక్టీసు లేదు. వంటింట్లో హెల్మెట్లు పెట్టుకుని బఠాణీలు ఒలిచాం.

మార్చి 15, శనివారం

నంబర్లు ఇచ్చారు. పిన్నీసులతో జెర్సీకి గుచ్చుకున్నాం. అక్క నంబరు వంకరగా వచ్చింది. నేను సరిచేశాను. కదలకుండా నిలబడదు.

భయంగా ఉంది. నొప్పి గురించి కాదు. ఆ పేషెంటు చెప్పిన చప్పుడు గురించి.

మార్చి 16, ఆదివారం

రేసు పూర్తిచేశాను. అక్క పడింది.

మార్చి 17, సోమవారం

సెలవు పెట్టాను. నిద్ర రాలేదు కాబట్టి నిద్ర లేవడమంటూ లేదు. రాసేస్తే నయం.

నలభై మందికి కాస్త అటూఇటూగా ఉన్నాం. మొదట ఊళ్లో మెల్లగానే నడిచింది. మెల్లగా అంటున్నాను కానీ అంత వేగం నేనెప్పుడూ చూడలేదు. చుట్టూ మనుషులుంటే గాలి తగలదు. కాళ్లు వాటంతటవే తిరుగుతాయి. ఎవరో కూనిరాగం తీస్తున్నారు. ఎవరి మోచెయ్యో నా నడుముకి తగిలింది. కంగారు పడలేదు. గడ్డి మీద పడ్డ పాట్లకి ఫలితం దొరికిందనుకున్నాను.

అక్క నాకు రెండు సైకిళ్ల ముందుంది. డ్యామ్ ఎక్కేటప్పుడు సగం మంది వెనకబడ్డారు. మేం వెనకబడలేదు. పైకెక్కాక అక్క పక్కకి చూసి ఏదో అంది. వినపడలేదు. నవ్వింది మాత్రం తెలిసింది.

తర్వాత దిగుడు. ఎవరిదో వాటర్ బాటిల్ ఎగిరి రోడ్డు మీద పడి దొర్లింది. ఎర్ర హెల్మెట్ అమ్మాయి దాన్ని తప్పించబోయి పక్కకి ఊగింది. అక్క ముందు చక్రం ఆ అమ్మాయి వెనక చక్రానికి రాసుకుంది.

చప్పుడు విన్నాను. పెద్దదేం కాదు. కుర్చీ పడ్డట్టు.

అక్క కుడివైపు పడింది. నేను ఎడమవైపు సందు చూసి దూరాను. చూసి అంటున్నాను, నిజానికి చూడలేదు. చేతులే పోనిచ్చాయి. టైరు కింద ఏదో మెత్తగా నలిగింది. బ్రేకు వెయ్యలేదు. వెనక్కి తిరగలేదు. మలుపు తిరిగేశాను.

ఇక్కడిదాకా ఎవరికైనా చెప్పగలను. షాపాయన నేర్పింది, అక్క చెయ్యమన్నదీ అదే.

మిగతాది ఇక్కడ మాత్రమే రాస్తున్నాను. మలుపు దాటాక రోడ్డు ఖాళీ. ముందు కొందరు కనపడుతున్నారు. అప్పుడైనా ఆగొచ్చు. వెనక్కి వెళ్లొచ్చు. నా మీద పడేవాళ్లెవరూ లేరు. వాళ్లని అందుకోగలనా అని లెక్కేసుకున్నాను. అందుకున్నాను. ఒకావిణ్ణి దాటాను. ఆ కాసేపూ అక్క నాకు గుర్తులేదు. కాళ్లు మండుతున్నాయి. ఇంకా మండాలనిపించింది. పదకొండోదాన్నై ముగింపు గీత దాటినప్పుడు గట్టిగా అరిచాను కూడా.

గీత దగ్గర బావగారున్నారు. రెండు చేతుల్లో రెండు నీళ్ల సీసాలు. నన్ను చూసి నవ్వి, నా భుజం మీదుగా వెనక్కి చూశారు.

"వెనకుందా?" అన్నారు.

"అక్క పడింది బావగారూ. డ్యామ్ దగ్గర."

సీసాలు రెండూ అలాగే పట్టుకుని నా మొహంలోకి చూశారు.

"మరి నువ్వు?" అన్నారు.

అంతే. తిట్టినా బాగుండేది.

అంబులెన్స్ మా ఆసుపత్రికే తెచ్చింది. నేను రేసు బూట్లతోనే పరిగెత్తాను. వాటి అడుగున ఇనుప ముక్కలుంటాయి. టైల్స్ మీద టకటకా కొడుతుంటే కారిడార్లో అందరూ తిరిగి చూశారు. రోజూ నేను నడిచే కారిడార్. ఆదివారం డ్యూటీలో ఉన్న కుర్రాయన అప్పటికే ఫిల్ములు తీసేశాడు. కాలర్ బోన్ విరిగింది మేడమ్, కుడివైపు అన్నాడు. ముందు చెయ్యి చూపించు అన్నాను. చెయ్యికి ఏం కాలేదు మేడమ్ అన్నాడు. అయినా చూపించు అన్నాను. ఒక్కో వేలూ, ఒక్కో ఎముకా చూశాను. దేనికీ ఏమీ కాలేదు. నా టైరు కింద నలిగింది ఆమె చెయ్యి కాదు. అప్పుడు కూర్చున్నాను.

ఆపరేషన్ అక్కర్లేదట. చేతికి స్లింగ్, ఆరు వారాలు. తొడ మీదా భుజం మీదా చర్మం లేచిపోయింది. నేను లోపలికెళ్లేసరికి కళ్లు మూసుకుని ఉంది. నిద్రపోతోందని నర్సు చెప్పింది. కనురెప్పలు కదులుతున్నాయి.

మార్చి 19, బుధవారం

అక్కని ఇంటికి తెచ్చారు. కాఫీ తీసుకెళ్లాను. అక్కడ పెట్టు అంది. పెట్టాను. ఇంకేమైనా కావాలా అన్నాను. అత్తయ్య ఉందిగా అంది.

బావగారు నాతో మాట్లాడటం లేదు. ఏదైనా చెప్పాలంటే అత్తయ్యకి చెప్తున్నారు. అత్తయ్య నాకు చెప్తోంది. నన్ను పోస్టాఫీసు చేశార్రా అని విసుక్కుంటోంది.

మార్చి 20, గురువారం

తెల్లారకముందే బేకరీకి వెళ్లాను. నా డ్యూటీ తొమ్మిదింటికి కదా అని. ఎవరూ రమ్మనలేదు. పిండి కలిపే ఆవిడ ఒక ఏప్రన్ చేతికిచ్చింది. మొదటి ట్రే మాడ్చాను. మణికట్టు కాలింది. అక్క చేతుల మీద ఉండే మచ్చలెలా వస్తాయో తెలిసింది.

మార్చి 23, ఆదివారం

షాపాయన అక్కని చూడటానికి వచ్చాడు. నా సర్టిఫికెట్ కూడా తెచ్చాడు. పదకొండో స్థానం. దాన్ని అక్క మంచం పక్క టీపాయ్ మీద పెట్టాడు, మంచి పని చేస్తున్నాననుకుని.

రోడ్డు మీద బాటిల్ ఒకటి చదునుగా నలిగి దొరికిందన్నాడు. నా టైరు కింద నలిగింది అదన్నమాట. నన్ను చూపించి, ఈవిడ లైన్ తప్పకుండా పోయింది కాబట్టి ఒక్కరితో పోయింది, బ్రేకు కొట్టి ఉంటే పదిమంది పడేవాళ్లు అన్నాడు. బావగారి వైపు తిరిగి మరీ అన్నాడు. బావగారు విన్నారు. లేచి, చొక్కా వేసుకుని, డ్యూటీ ఉందని వెళ్లిపోయారు. ఆదివారం ఆయనకి డ్యూటీ ఉండదు.

సర్టిఫికెట్ తీసుకొచ్చి బీరువాలో చీరల కింద పెట్టాను.

మార్చి 27, గురువారం

బ్రెడ్డు ఈ రోజు బాగా పొంగింది. చెప్పడానికి ఎవరూ లేరు.

ఏప్రిల్ 1, మంగళవారం

అక్కకి రెండు వారాల ఎక్స్‌రే. వేరే వాళ్లని తియ్యమందామనుకున్నాను. రూమ్‌లో నేనొక్కదాన్నే ఉన్నాను. అత్తయ్య బయట కూర్చుంది.

అక్క స్టాండ్ ముందు నిలబడింది. హాస్పిటల్ గౌను, ఒక భుజం కిందికి జారి ఉంది. ప్లేట్ సరిచేస్తూ భుజం పట్టుకున్నాను. పదిహేను రోజుల్లో ఆమెని ముట్టుకోవడం అదే మొదటిసారి.

"కదలకక్కా."

"నేను కదలట్లేదు. నువ్వే కదుపుతున్నావు."

ఎక్స్‌రే పడకుండా ఉన్న అద్దం వెనక్కి వెళ్లాను. ఊపిరి బిగబట్టమన్నాను. బటన్ నొక్కాను. వదలమన్నాను. వదిలింది. వదిలాక మాట్లాడింది. అద్దంలోంచి నా వైపు చూడలేదు, ఎదురుగా ఉన్న గోడకి చెప్పింది.

"ఆగొద్దని నేనే చెప్పాను. నాకు గుర్తుంది. మర్చిపోయాననుకోకు."

నేను స్క్రీన్ మీద ఆమె పేరు టైప్ చెయ్యబోయాను.

"తిరిగి చూడొద్దని మాత్రం చెప్పలేదు."

తల తిప్పితే హ్యాండిల్ తిరుగుతుంది కదక్కా అన్నాను. నా చెవికే ఎలాగో వినపడింది.

"తెలుసు. నాకు తెలీదా? రోడ్డు మీద పడుండి నీ వీపునే చూస్తున్నాను. ఇప్పుడు తిప్పుతుంది, ఇప్పుడు తిప్పుతుంది అని. మలుపు దాకా. ఎముక విరిగిందని కూడా అప్పటికి తెలీదు నాకు."

అద్దం వెనక నుంచి బయటికి వచ్చాను. చెప్పేశాను. మలుపు తిరిగాక ఆగొచ్చు, ఆగలేదు. ముందున్నవాళ్లని అందుకోవాలనిపించింది. కాసేపు నువ్వు నాకు గుర్తులేవు. గీత దాటి అరిచాను. చెప్తూ చెప్తూ ఏడ్చాను. ఏడవకుండా చెప్పాలనుకున్నాను, కుదరలేదు.

పర్లేదులే అనలేదు అక్క. నేనైనా అదే చేసేదాన్ని అని కూడా అనలేదు. జారిన గౌను భుజం మీదికి లాక్కుంది.

"నేను పడకపోతే ఎన్నో దాన్ని?" అంది.

"ఏడో, ఎనిమిదో."

"ఏడు" అంది.

ఎడమ చేత్తో బ్లౌజు తొడుక్కోలేక తంటాలు పడుతోంది. హుక్కులు పెట్టు అంది. పెట్టాను.

ఫిల్మ్‌లో ఎముక చుట్టూ సన్నగా పొగలాంటిది కనపడుతోంది. అతుక్కుంటోందన్నమాట.

ఏప్రిల్ 3, గురువారం

బేకరీలో ఉండగా అక్క వచ్చింది, స్లింగ్‌తోనే. నా బ్రెడ్డు విరిచి వాసన చూసింది. ఉప్పు తక్కువ అంది. స్టూలు మీద కూర్చుని అందరి మీదా అరిచింది. నా మీద ఎక్కువ అరిచింది. హాయిగా ఉంది.

ఏప్రిల్ 14, సోమవారం

బావగారి బస్సెక్కాను. చూసుకోలేదు, ఎక్కాకే తెలిసింది. కిక్కిరిసి ఉంది. కడ్డీ పట్టుకుని నిలబడ్డాను. మార్కెట్ దాటాక ఒక స్కూటరు అడ్డం వచ్చింది. బావగారు బ్రేకు కొట్టారు. బస్సులో మనుషులందరూ ఒకరి మీద ఒకరు పడ్డారు. ఒక ముసలావిడ వచ్చి నా మీద పడింది. గుడ్డల సంచి చిరిగి ఆమె సామానంతా దొర్లింది. కొందరు స్కూటరు వాణ్ణి తిట్టారు. చాలామంది డ్రైవర్ని తిట్టారు.

బావగారు అద్దంలో వెనక్కి చూశారు. ఎవరికైనా దెబ్బ తగిలిందా అని ఒక్కొక్కరినీ చూస్తూ వచ్చి నా దగ్గర ఆగారు. నేను ముసలావిణ్ణి పట్టుకుని ఉన్నాను. కాసేపు అలాగే చూసి గేరు మార్చారు.

ఆసుపత్రి స్టాప్ దగ్గర నేను కదల్లేకపోయాను. తలుపు దాకా పోవడానికి మధ్యలో అంతమంది.

"కాస్త దారివ్వండి. ఆ అమ్మాయి దిగాలి" అని ముందు నుంచి గట్టిగా అన్నారు.

దిగాను.

ఏప్రిల్ 29, మంగళవారం

స్లింగ్ తీసేశారు. ఎముక అతుక్కుంది, కాస్త వంకరగా. భుజం మీద చిన్న బుడిపె ఉంటుంది. అక్క దాన్ని అందరి చేతా తాకిస్తోంది. అత్తయ్య తాకనంది.

మే 11, ఆదివారం

మా ఆయన అక్క సైకిల్‌ని వరండాలో స్టాండ్‌కి బిగించాడు. ఉన్నచోటే తొక్కుకోవచ్చు. అక్క గంటసేపు తొక్కింది. వచ్చే రేసు ఎప్పుడు, ఎర్ర హెల్మెట్‌ది వస్తుందా, దాని లెక్క తేలుస్తాను అని ఒకటే వాగుడు. బావగారు పేపర్ చదువుతున్నట్టు కూర్చున్నారు. నన్ను కాఫీ అడిగారు. నన్నే, అత్తయ్య ద్వారా కాదు.

మే 18, ఆదివారం

మొదటిసారి రోడ్డు మీదికి. ఊళ్లోనే. అక్కే ముందు. బాగానే తొక్కింది. లారీ వచ్చినప్పుడు మాత్రం నాకంటే ముందు బ్రేకు పట్టింది. ఇదివరకు ఎప్పుడూ అలా చెయ్యలేదు. నేను చూడనట్టు ఊరుకున్నాను.

మే 25, ఆదివారం

డ్యామ్ ఎక్కాం. పైన అక్క సైకిల్ దిగి, కిందికి చూస్తూ నిలబడింది. ఎక్కలేదు. నేనూ దిగాను. ఇద్దరం సైకిళ్లు నడిపించుకుంటూ మలుపు దాకా వచ్చాం. ఎవరో కారాపి, పంక్చరా అని అడిగారు.

అవునన్నాం.

ఇద్దరికీనా అన్నారు.

ఇద్దరికీ అన్నాం.